చెవి కానరాని జీవులు: పాట్రిక్ రస్సెలుగారి చరిత్రము

మన జాలరిపేట యొడ్డున వలలు లాగు వేళ నిలిచి చూచిన బాలురకు ఒక సంగతి తెలిసియే యుండును. కొన్ని చేపలు నీటినుండి వెలికి రాగానే గుర్రు గుర్రుమని అరచును. చేపకు చెవి యెచ్చటను కానరాదు. వినువారు లేనిచో ఆ యరపు ఎవరికొరకు? పామునకును చెవి కానరాదు. అయినను పాములవాని నాగస్వరమునకు పాము తలయూపి యాడునని మనవారందురు. ఈ రెండు జాతుల జీవులను ఈ పట్టణముననే యుండి, రెండువందల యేండ్లకు పూర్వమే, ఓర్పుతో పరిశీలించిన వైద్యుడొకడు గలడు. ఆయన చరిత్రమును మా విద్యార్థులకు ఈ సంచికలో తెలుపదలచితిమి.

పాట్రిక్ రస్సెలుగారు పదునెనిమిదవ శతాబ్దపు మూడవ దశాబ్దమున స్కాట్లాండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించిరి. ఆ నగరముననే వైద్యవిద్య నభ్యసించి, 1750లో సిరియా దేశపు అలెప్పో పట్టణమునకు పోయిరి. అచ్చట వారి యన్నగారైన అలెగ్జాండరు రస్సెలు ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా నుండెను. 1753లో అన్నగారు స్వదేశమునకు మరలిపోగా, ఆ యుద్యోగము తమ్మునికి లభించెను. 1760 మొదలు 1762 వరకు ఆ పట్టణమును మహామారి పీడించెను. రస్సెలుగారు ఊరు విడిచి పోక రోగులకు చికిత్స చేయుచు, ఆ వ్యాధి వ్యాపించు తీరును వ్రాసియుంచుకొనిరి. ఆ వ్రాతలే 1791లో మహామారిని గూర్చిన గ్రంథముగా వెలువడినవి. ఆ పట్టణపు పాషా వారి సేవకు మెచ్చి తలపాగ ధరించు గౌరవమును ప్రసాదించెను.

1771లో అలెప్పో విడిచి స్వదేశము చేరిన రస్సెలుగారు లండనులో వైద్యవృత్తి నవలంబించిరి. 1777లో రాయల్ సొసైటీవారు వారిని సభ్యునిగా నెన్నుకొనిరి. అంతటితో విశ్రమింపదగిన వయసు వచ్చినను వారు విశ్రమింపలేదు. సోదరుడు క్లాడు రస్సెలుగారు కుంపిణీవారి యధికారిగా విశాఖపట్టణమునకు రాగా, 1781లో ఆయన వెంట తామును ఓడయెక్కిరి. అప్పటికి వారికి ఏబది యేండ్లు దాటినవి. 1785లో కోనిగ్‌గారు మరణింపగా, కర్ణాటక ప్రాంతమునకు కుంపిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి వీరికి లభించెను.

ఆ దినములలో ఈ ప్రాంతపు ప్రజలను పీడించుచుండిన భయములలో పాముకాటు ఒకటి. పాము కరచినయెడల అది విషముగలదియో, విషము లేనిదియో కరవబడినవానికి తెలియదు. విషము లేని పాము కరచినవాడు బ్రతుకగా, వానికిచ్చిన మందే బ్రతికించెనని జనులు నమ్ముచుండిరి. ఇట్లు పనికిరాని మందులకు కీర్తి కలుగుచుండెను. కావున ముందుగా పాములను గుర్తించుట నేర్వవలెనని రస్సెలుగారు నిశ్చయించిరి. పాములను తెప్పించి, నోరు తెరచి కోరలను చూచి, పొట్టమీది పొలుసులను తోకక్రింది పొలుసులను ఒక్కొక్కటిగా లెక్కించి, చిత్రములు వ్రాయించిరి. పై రంగును బట్టి నిర్ణయింపరాదనియు, కోరలే నిజమైన గుర్తనియు తెలిసికొనిరి. తంజావూరి మాత్రయను ప్రసిద్ధమైన మందును జంతువులపై పరీక్షించి, అది నమ్మదగినది కాదని తేల్చిరి. నేడు ఆసుపత్రులలో విషమునకు విరుగుడు మందు గలదు గనుక, కాటుపడినవానిని జాగుచేయక అచ్చటికి చేర్చుట మనవిధి.

1796లో కోరమాండల్ తీరపు పాములను గూర్చిన వారి గ్రంథము లండనులో అచ్చుపడెను. దానిలో మనకు గర్వకారణమైన విశేషమొకటి గలదు. పాముల చిత్రములకు మన ప్రాంతపు జనులు పలుకు పేర్లను వారు చేర్చిరి. కాటుక రేకుల పొడ యని వారు వ్రాసిన పామునే నేడు లోకమంతయు రస్సెలుగారి పేరుతో పిలుచుచున్నది. నలుపు పసుపు పట్టెలుగల బంగారు పాము పేరే లాటిను రూపము దాల్చి ఒక పాముల జాతికి శాస్త్రనామమయ్యెను.

ఆ గ్రంథమున బొద్రూ పామని పేర్కొనబడిన పచ్చని పాము మరియొకటి గలదు. దాని కంటికిని ముక్కునకును నడుమ, ముఖమున కిరుప్రక్కల, ఒక్కొక్క గుంట కలదు. ఇట్టి రంధ్రములుగల విషసర్పములను గూర్చి రస్సెలుగారు 1804లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ గుంటల నిర్మాణమును ఎవరర్డు హోముగారు కోసి చూచి వివరించిరి. చెవి కానరాని పామునకు ఇదియే చెవియేమో యని తోచుట సహజము. తరువాతి పండితులలో కొందరు ఇది గాలిలోని కంపములను గ్రహించుననియు తలచిరి. ఆ తగవు నూరేండ్లకు పైగా సాగెను. 1937లో నోబులు, ష్మిట్టు అను నిరువురు పాముల కన్నులు మూసి పరీక్షింపగా, అవి వెచ్చని వస్తువునే గురిచూచి కొట్టినవి. 1952లో ఆ గుంట నరములను పరీక్షించి ఈ సంగతిని స్థిరపరచిరి. ఆ గుంట చెవి కాదు. చీకటిలో ఎలుక యొడలి వేడిమిని కనిపెట్టు నింద్రియము.

అయినచో పాము చెవిటిదా? కాదు. దానికి వెలుపలి చెవియు, చెవిపొరయు లేవు గాని లోపలి చెవి కలదు. ఆ లోపలి చెవినుండి యొక సన్నని యెముక దవడను చేరియున్నది. నేలలోని కదలికయు, గాలిలోని మందరస్వరములును ఆ దారిని పామునకు తెలియును. నాగస్వరము ముందర పడగ యాడుటకు మాత్రము పాట కారణము కాదు. పాములవాని చేతి కదలికను, బూర కదలికను అది కన్నులతో వెంబడించును.

ఇక చేపల సంగతి. రస్సెలుగారు ఈ తీరమున దొరకు రెండువందల చేపలను ఒక దేశీయ చిత్రకారునిచేత వ్రాయించి, 1803లో రెండు సంపుటములుగా ప్రకటించిరి. ఇచ్చటను మన పేర్లే. వానిలో గువోరక యనునదొకటి. 1829లో ఫ్రెంచి పండితుడు కువియే ఆ పేరునే ఒక చేపకు శాస్త్రనామముగా నుంచెను. ఆ పేరు వినగానే మనకు గురక యను మాట తలపునకు వచ్చును. ఆ చేపయు గురుగురుమను జాతిలోనిదే. ఈ జాతి చేపలు గొంతులోని పండ్లను ఒరయించి ధ్వని చేయును. కడుపులోని గాలితిత్తి దానిని పెద్దది చేయును.

చేప అరచుటయే కాదు, వినును గూడ. 1782లోనే జాను హంటరుగారు చేపల లోపలి చెవిని వర్ణించి ప్రకటించిరి. గొరక చేప తలను పగులగొట్టినప్పుడు దొరకు తెల్లని రాళ్లను జాలరిపేట బాలురు చూచియే యుందురు. అవి ఆ చేప చెవులలోనివి. అయినను చేప వినునని చూపుటకు మరి నూటనలుబది యేండ్లు పట్టెను. 1923లో కార్ల్ ఫాన్ ఫ్రిష్‌గారు కన్నులు లేని మార్పు జాతి చేపకు మేతవేయునపుడెల్ల ఈల వేసిరి. కొన్ని దినములకు మేత లేకయే, ఈల వినగానే ఆ చేప తన గొట్టమునుండి వెలుపలికి వచ్చెను.

రస్సెలుగారు 1789 జనవరిలో ఈ దేశము విడిచిరి. రాక్స్‌బరోగారు కోరమాండల్ మొక్కలపై వ్రాసిన గ్రంథము అచ్చగుటకు తోడ్పడి, దానికి పీఠిక వ్రాసిరి. 1805 జూలై 2వ తేదీన లండనులో మరణించిరి. పాముల గ్రంథపు కడపటి భాగములు వారి మరణానంతరము వెలువడి, 1809లో ముగిసినవి.

పాము ఎట్లు వినునో, చేప ఎట్లు వినునో రస్సెలుగారు తేల్చినవారు కారు. గుంట యున్న చోట గుంట యున్నదని కనుగొని, పొలుసులను లెక్కించి, పేరును విన్నది విన్నట్లు వ్రాసియుంచిరి. తరువాతివారు వెదకుటకు అట్టి వ్రాతయే దారి చూపెను. ఆ చేపలను తెచ్చి పేరు చెప్పిన జాలరుల పేర్లు మాత్రము గ్రంథములకెక్కలేదు. వారి మాటలు శాస్త్రమున నిలిచినవి, వారు నిలువలేదు. ఈ లోపమును తీర్చుట మన బాలుర చేతిలో నున్నది. సెలవులలో ఒడ్డునకు పోయి, ఏ చేప అరచునో, పెద్దలు దానినేమందురో, చెప్పిన పెద్దల పేరుతో సహా ఒక పుస్తకమున వ్రాసి తెచ్చిన విద్యార్థులు మాకు మిక్కిలి సంతోషము కలిగించినవారగుదురు.