కర్నల్ షార్ట్

హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ 1887వ సంవత్సరమున పంజాబులోని ధారివాలున జన్మించెను. స్కాట్లండులోని అబర్డీనున వైద్యవిద్య ముగించి ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. అస్సామున కాలా అజారు అను జ్వరమును గూర్చి పెక్కేండ్లు పరిశోధించి, పిమ్మట చెన్నపట్టణము చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునకు డైరెక్టరయ్యెను. తెలుగువారి బావులతో ఆయనకు సంబంధ మేర్పడినది ఇచ్చటనే.

నాటి నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి ప్రాంతముల ఎద్దులు వయసుననే కీళ్లు బిగిసి కాడికి పనికిరాకుండెడివి. హైదరాబాదు సంస్థానమునందును పశువుల కిట్టి వ్యాధి కలదని 1934లో తెలిసెను. మనుష్యుల పాట్లును అట్టివే. పిల్లల పండ్లు గారపట్టి మచ్చలుపడెడివి. నడివయస్సు రాకమునుపే వెన్ను కట్టెవలె బిగియుట, మెడ త్రిప్పలేకపోవుట సామాన్యమై యుండెను. ఇది కర్మఫలమని కొందరు, వాతమని కొందరు తలచిరి.

షార్ట్, తన సహచరులగు పండిత్, రాఘవాచారిలతో గూడి రోగులను పరీక్షించెను. ఎక్సురే చిత్రములందు ఎముకలు దట్టమై, వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొని యుండెను. త్రాగు నీటిని పరీక్షింపగా దోషము ఫ్లోరినుదని తేలెను. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధిని సమగ్రముగా వర్ణించిన వారి వ్యాసము 1937లో వెలువడెను.

ఈ విషము ఎవరును కలిపినది కాదు. నేలలోని రాతినుండి కొలదికొలదిగా నీటిలో కరగునది. కావుననే ఒక ఊరి రెండు బావులలో ఒకటి మంచిదై, రెండవది చెడ్డదై యుండవచ్చును. నీరు తేటగానే యుండును, రుచికి దొరకదు. కాచినను పోదు సరికదా, నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు లేనిచోట 1.5 వరకు ఓర్వవచ్చుననియు నేటి భారతీయ ప్రమాణము. ఎండలో పాటుపడు కూలివాడు నీ రధికముగా త్రాగును గనుక అతని కపాయ మధికము. బోరుబావులలోని ఆర్సెనికము సంగతియు నిట్టిదే. దాని మితి లీటరునకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే.

షార్ట్ కాలమున జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండెను. 1953లో వరంగల్లున చేరినను, నేల మారలేదు. అదియు గ్రానైటు భూమియే. భూపాలపల్లి బొగ్గుగనుల చెంత ఇసుకరాయి. అందుచే ఒక తావున చూచిన లెక్క వేరొక తావునకు చెల్లదు. ఇంటి పెరటి బావి నీరు పరీక్షకు పోయిన గాని దాని గుణము తెలియదు.

ఇండియాను విడిచిన పిమ్మట షార్ట్ లండనున ఆచార్యుడయ్యెను. 1948లో గార్న్‌హాముతో గూడి, మలేరియా క్రిమి రక్తమున ప్రవేశించుటకు ముందు కాలేయమున దాగియుండునని నిరూపించెను. లోకము ఆయన నెరుగునది దానివలననే. 1950లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1987లో, నూరేండ్లు నిండినవాడై మరణించెను.