పుట్టినరోజు పాట వెనక టీచరమ్మ

మొన్న మనవరాలి చేత కేకు కోయిస్తూ అందరం పాడుతుంటే, ఈ పాట కట్టిన అక్కచెల్లెళ్ళు గుర్తొచ్చారు నాకు. ప్యాటీ హిల్ అమెరికాలో, లూయీవిల్ ఊళ్ళో కిండర్‌గార్టెన్ టీచరమ్మ. పొద్దున్నే బడికొచ్చే పసివాళ్ళని పలకరించడానికని అక్క మిల్‌డ్రెడ్ బాణీ కట్టేది, ఈవిడ మాటలు రాసేది. మర్నాడు క్లాసులో పాడించి చూడటం, చిన్నవాళ్ళకి కష్టమైతే ఇంటికెళ్ళి మళ్ళీ మార్చడం. ఎంత ఓపికో!

1893లో అచ్చయిన ఆ శుభోదయం పాట బాణీకే తర్వాత పుట్టినరోజు మాటలు చేరాయి. అక్క 1916లో పోయింది. పెళ్ళి చేసుకోని ప్యాటీ కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసరై, 1946లో కన్నుమూసింది. ఆ తర్వాత కూడా సినిమాల్లో ఈ పాట వాడాలంటే డబ్బు కట్టాల్సిందే. అమెరికా కోర్టులో తగవు తేలి 2016లో అందరిదీ అయింది.