నేతాజీ ఎక్కని అమెరికా కారు

పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీవిజయపురం)లోని జింఖానా మైదానంలో 1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. ఆయనను అక్కడికి చేర్చిన ప్రయాణం అంతకు దాదాపు మూడేళ్ల ముందు కలకత్తాలో, ఒక కారును కాదని మరో కారును ఎంచుకోవడంతో మొదలైంది.

1897 జనవరి 23న కటక్‌లో జన్మించిన బోస్, ఐసీఎస్‌కు ఎంపికై కూడా 1921లో ఆ కొలువును వదులుకున్నారు. 1938లోనూ, 1939లోనూ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1940లో అరెస్టయి, జైలులో నిరాహార దీక్షకు దిగడంతో డిసెంబరులో విడుదలయ్యారు. అయితే ఎల్గిన్ రోడ్డులోని ఇంటి చుట్టూ పోలీసుల నిఘా కొనసాగింది.

అప్పట్లో ఆయన అన్న శరత్ చంద్రబోస్ కుటుంబానికి స్టూడ్‌బేకర్ ప్రెసిడెంట్ కారు ఉండేది. 1852లో అమెరికాలోని సౌత్ బెండ్‌లో గుర్రపు బండ్ల తయారీతో మొదలై, 20వ శతాబ్దారంభంలో మోటారు వాహనాల వైపు మళ్లిన సంస్థ స్టూడ్‌బేకర్. 1908లో ఫోర్డ్ మోడల్ టీ కారును సామాన్యుడి చెంతకు తెచ్చింది. 1930ల నాటికి అమెరికా కార్లలో మరో వరుస వెలసింది: భారీ ఆకారం, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, చూపు తిప్పుకోనివ్వని దర్జా. 1928లోనే జనరల్ మోటార్స్ బొంబాయిలో కార్ల బిగింపు చేపట్టడంతో మన నగరాలకూ ఆ దేశపు వాహనాలు సుపరిచితమయ్యాయి.

దూర ప్రయాణానికి స్టూడ్‌బేకరే అనువైనది. కానీ అది ఎవరిదో కలకత్తాలో ఇట్టే పసిగట్టేవారు. అజ్ఞాతంలోకి వెళ్లేవారికి ఆ దర్జాయే ప్రమాదం. అందుకే జర్మనీకి చెందిన చిన్న వాండరర్‌ను ఎంచుకున్నారు. 1941 జనవరి 16 అర్ధరాత్రి దాటాక మహమ్మద్ జియావుద్దీన్ వేషంలో బోస్ కారెక్కగా, శరత్ కుమారుడు, 20 ఏళ్ల శిశిర్ నడిపారు. ధన్‌బాద్ సమీపంలో పగలు గడిపి, మరునాటి రాత్రి గోమో స్టేషన్‌లో కాల్కా మెయిల్ అందుకున్నారు. పెషావర్, కాబూల్ మీదుగా బెర్లిన్. 1943లో జలాంతర్గాములలో తూర్పు ఆసియా. అక్టోబరు 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం.

అండమాన్‌ను ఆ ప్రభుత్వానికి అప్పగిస్తున్నట్లు జపాన్ ప్రకటించినా, అసలు అధికారం జపాన్ సైన్యం చేతిలోనే ఉండిపోయింది. కలకత్తా పోలీసుల కళ్లుగప్పిన బోస్‌కు పోర్ట్ బ్లెయిర్‌లో ఆతిథేయులు చూపినవే కనిపించాయి. సెల్యులార్ జైలును ఆయన సందర్శించారు. గూఢచర్యం ఆరోపణపై అక్కడ చిత్రహింసలు అనుభవిస్తున్న భారతీయుల గోడు ఆయన చెవిన పడలేదు. వారిలో ఒకరైన డాక్టర్ దివాన్ సింగ్ 1944 జనవరి 14న మరణించారు. పతాకావిష్కరణ జరిగి సరిగ్గా నెల తిరిగేసరికి, జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో 44 మంది భారతీయులను జపాన్ సైనికులు కాల్చి చంపారు.