సేజోంగ్ రాజు (1397–1450)

సూరత్‌లో మరమగ్గాలపై బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరూ అక్కడివారైతే గుజరాతీ మాట్లాడగలుగుతారు. బోర్డు చదవాలంటే మాత్రం పక్కవారిని అడుగుతారేమో. ఒకప్పుడు కొరియా సామాన్యులది ఇదే అవస్థ, అదీ సొంత ఊళ్లో! కొరియా భాషకు సొంత లిపి లేదు. రాయాలంటే వేలకొద్దీ చైనా అక్షరాలు నేర్వాలి. అంత తీరిక పెద్దింటివారికే ఉండేది.

సేజోంగ్ 1418లో రాజయ్యాడు. ప్రజలకు నీతి బోధించడానికి 1434లో ఒక పుస్తకం అచ్చువేయించి, చదువురాని వారికోసం బొమ్మలు పెట్టించాడు. బొమ్మ చూసి తెలుసుకోవచ్చు. కాని తన గోడు రాసుకోవడమెలా? 1443లో రాజు 28 అక్షరాలు కూర్చాడు.

మీరు ‘న్’ అని పలికి చూడండి. నాలుక కొన పైకి లేచి పళ్ల వెనుక తగులుతుంది. ఆ అక్షరానికి నాలుక వంపే రూపం. ‘మ్’ అక్షరం నోటి ఆకారంలో చిన్న చదరం. మన గుణింతంలో హల్లుకు అచ్చు చేరినట్లే అక్కడా రెండూ కలిసి ఒకే ముద్దగా నిలుస్తాయి.

చైనా అక్షరాలను వదలడం అనాగరికమని 1444లో చ్వే మల్లి మొదలైన ఆస్థాన పండితులు ఎదురుతిరిగారు. రాజు వారిని చెరసాలలో పెట్టించి, మరునాడు విడిచిపెట్టాడు. చూపు మందగిస్తున్నా పని ఆపలేదు. 1446లో లిపిని ప్రకటించాడు.

పండితులు చాలాకాలం దానిని చిన్నచూపు చూశారు. స్త్రీలు మాత్రం ఆ అక్షరాలతో ఉత్తరాలు రాసుకున్నారు. ప్రభుత్వ పత్రాలలోకి అవి రావడానికి 1894 దాకా పట్టింది.