విలియం అలెగ్జాండర్ స్మిత్

సర్ విలియం అలెగ్జాండర్ స్మిత్ (అక్టోబరు 27, 1854 - మే 10, 1914) బాయ్స్ బ్రిగేడ్ అనే క్రైస్తవ బాలుర సంస్థను స్థాపించిన స్కాట్లాండ్ దేశీయుడు. చర్చి ఆధ్వర్యంలో యూనిఫారం, కవాతు, ఆటలు, శిబిరాల ద్వారా బాలురకు శిక్షణ ఇచ్చే పద్ధతికి ఇతడు ఆద్యుడు. తరువాతి కాలంలో బేడెన్ పవెల్ ప్రారంభించిన స్కౌటు ఉద్యమానికి కూడా ఇతడి కృషి దోహదం చేసింది.

బాల్యం, ఉద్యోగం

స్మిత్ స్కాట్లాండ్ ఉత్తర తీరంలోని థర్సో పట్టణం వద్ద జన్మించాడు. పదమూడేళ్ల వయసులో తండ్రి మరణించడంతో గ్లాస్గో నగరంలో వ్యాపారం చేస్తున్న మేనమామ వద్దకు చేరి, శాలువల వర్తకంలో పని నేర్చుకున్నాడు. 1874లో ఇతడి జీవితాన్ని తీర్చిదిద్దిన రెండు సంఘటనలు జరిగాయి. ఆ ఏడాది అమెరికా సువార్తికుడు మూడీ గ్లాస్గోలో జరిపిన కూటాల ప్రభావంతో స్మిత్ చర్చి సభ్యుడయ్యాడు. అదే ఏడాది లానార్క్‌షైర్ రైఫిల్ వాలంటీర్ల దళంలో చేరాడు. సైనిక వ్యవహారాలంటే మేనమామకు గిట్టేది కాదు. అయినా స్మిత్ దళాన్ని వీడలేదు. 1878లో సొంతంగా వ్యాపారం ప్రారంభించాడు.

బాయ్స్ బ్రిగేడ్ స్థాపన

స్మిత్ నార్త్ వుడ్‌సైడ్ మిషన్‌లో సండేస్కూలు ఉపాధ్యాయుడుగా ఉండేవాడు. పన్నెండు, పదమూడేళ్లు దాటిన బాలురు తాము పెద్దవారమయ్యామని భావించి సండేస్కూలుకు రావడం మానేసేవారు. వచ్చినవారు కూడా అల్లరి చేస్తూ పాఠం సాగనిచ్చేవారు కారు. వాలంటీర్ల దళంలో అందరూ ఒక్క ఆజ్ఞకు కదలడం చూసే స్మిత్‌కు, ఆ క్రమశిక్షణను సండేస్కూలుకు ఎందుకు తీసుకురాకూడదన్న ఆలోచన కలిగింది.

జేమ్స్ హిల్, జాన్ హిల్ అనే సోదరుల సహాయంతో 1883 అక్టోబరు 4న గ్లాస్గోలో మొదటి దళాన్ని ప్రారంభించాడు. 12 నుండి 17 ఏళ్ల బాలురను చేర్చుకున్నారు. తొలి వారాల్లో 59 మంది చేరగా, నియమాలకు తట్టుకోలేక కొందరు మానివేశారు. సుమారు 35 మంది నిలిచారు. పేద కుటుంబాల పిల్లలకు భారం కాకుండా పూర్తి యూనిఫారం పెట్టలేదు. మామూలు దుస్తులపైనే టోపీ, బెల్టు, భుజానికి సంచి ధరిస్తే సరిపోయేది. లంగరు సంస్థకు చిహ్నమైంది. విధేయత, దైవభక్తి, క్రమశిక్షణ, ఆత్మగౌరవం అలవరచడం సంస్థ లక్ష్యాలు.

కవాతుతో పాటు బైబిలు తరగతి, వ్యాయామం, వాద్య బృందం, ఫుట్‌బాల్ వంటివి చేరాయి. 1886లో సముద్రతీరంలో మొదటి వేసవి శిబిరం నిర్వహించాడు. కార్మిక కుటుంబాల పిల్లలను ఇలా నగరం వెలుపలికి తీసుకువెళ్లడం ఆ రోజుల్లో కొత్త విషయం. కొన్నేళ్లకు స్మిత్ వ్యాపారం విడిచి, పూర్తికాల కార్యదర్శిగా సంస్థకే అంకితమయ్యాడు.

విమర్శలు

కొయ్య తుపాకులతో కవాతు చేయించడం పసివారిలో యుద్ధకాంక్ష రేపుతుందని క్రైస్తవులలోనే పలువురు విమర్శించారు. కవాతు బాలురను ఆకర్షించే సాధనమే తప్ప గమ్యం కాదన్నది స్మిత్ వాదన. ఈ వాదనతో ఏకీభవించనివారు 1899లో బాయ్స్ లైఫ్ బ్రిగేడ్ అనే వేరొక సంస్థను స్థాపించి, తుపాకులకు బదులు ప్రథమ చికిత్స, ప్రాణరక్షణ నేర్పారు. మరోవైపు, ప్రభుత్వ సైనిక క్యాడెట్ దళాలలో సంస్థను కలిపే ప్రతిపాదనను స్మిత్ కాలంలో బ్రిగేడ్ అంగీకరించలేదు. 1926లో రెండు సంస్థలూ విలీనమైనపుడు కొయ్య తుపాకులను విడిచిపెట్టారు. లంగరు వెనుక ఎర్ర శిలువ చేరింది. ఆ విధంగా విమర్శకుల మాటే చివరకు చెల్లింది.

స్కౌటు ఉద్యమంతో సంబంధం

1904లో గ్లాస్గోలో సుమారు 7,000 మంది బ్రిగేడ్ బాలుర కవాతును బేడెన్ పవెల్ తిలకించాడు. సైనికుల కోసం తాను రాసిన స్కౌటింగ్ పుస్తకాన్ని బాలురకు తగినట్లు తిరిగి రాయమని స్మిత్ అతడిని ప్రోత్సహించాడు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో జరిగిన ప్రయోగ శిబిరంలో దాదాపు సగం మంది బ్రిగేడ్ బాలురే. స్కౌట్లు బ్రిగేడ్‌లో భాగం కాకుండా 1908 నుండి స్వతంత్ర ఉద్యమంగా ఎదిగి, సంఖ్యలో దానిని మించిపోయారు.

భారతదేశంలో స్కౌటింగ్ కూడా ఒక చర్చి పాఠశాలలోనే మొదలైంది. 1909లో బెంగుళూరు బిషప్ కాటన్ పాఠశాలలో తొలి దళం ఏర్పడింది. అప్పట్లో అందులో భారతీయ బాలురకు ప్రవేశం ఉండేది కాదు. అందువలన 1916లో అనీ బిసెంట్ మద్రాసులో భారతీయ బాలుర స్కౌటు సంఘాన్ని స్థాపించింది. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. స్వాతంత్ర్యానంతరం 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. ఇందులో మతభేదం లేదు.

చివరి దశ

1909లో బ్రిటిషు ప్రభుత్వం స్మిత్‌కు సర్ బిరుదు ఇచ్చింది. 1914 మే నెలలో లండన్‌లో సంస్థ సమావేశంలో ఉండగా అస్వస్థతకు గురై, మే 10న సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో మరణించాడు. భౌతికకాయాన్ని గ్లాస్గోలో ఖననం చేశారు. లండన్ సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఇతడి స్మారక ఫలకం ఉంది. బాయ్స్ బ్రిగేడ్ భారతదేశంతో సహా అనేక దేశాలలో నేటికీ పనిచేస్తున్నది.