బిల్‌రోత్ వేసిన కుట్లు
సర్జన్ కథ మన మ్యాగజైన్‌లో ఎందుకంటారా? నాకు ఇది అచ్చం పైపుల జాయింటు సమస్యలా అనిపించింది.

థియోడర్ బిల్‌రోత్ 1829లో రూగెన్ దీవిలో పుట్టాడు. ప్రాణమంతా సంగీతం మీద, చదివింది వైద్యం (మనలో చాలామంది కథే!). బ్రాహ్మ్స్ ఆయనకి రెండు స్ట్రింగ్ క్వార్టెట్లు అంకితమిచ్చాడు. 1867లో వియన్నాలో ప్రొఫెసరయ్యాడు.

అప్పట్లో పొట్టలో క్యాన్సర్ అంటే చేతులెత్తేయడమే. గడ్డ కోసేయొచ్చు, కానీ మిగిలిన పొట్ట వెడల్పు, పేగు సన్నం. రెండింటినీ లీకు లేకుండా కలపాలి. కుట్టు విడితే మనిషి దక్కడు. అందుకే శిష్యులు ముందు కుక్కల మీద చేసి చూశారు. ఈయనకంటే ముందు మనుషుల మీద ప్రయత్నించిన ఇద్దరు సర్జన్ల రోగులూ బతకలేదు.

1881 జనవరి 29న 43 ఏళ్ల ఒకావిడకి బిల్‌రోత్ ఆపరేషన్ చేశాడు. సుమారు గంటన్నర పట్టింది. కుట్లు నిలిచాయి, ఆవిడ కోలుకుని మళ్లీ తినగలిగింది. కానీ క్యాన్సర్ అప్పటికే పాకింది. నాలుగు నెలలకి చనిపోయింది.

నాకు ఆపరేషన్‌కంటే ఎక్కువ నచ్చిందేంటంటే, ఆయన చనిపోయిన రోగుల లెక్కలు కూడా దాచకుండా అచ్చేయించేవాడు. 1885లో ఇంకో పద్ధతి కనిపెట్టాడు. 1894లో ఆయన పోయినా, బిల్‌రోత్ 1, బిల్‌రోత్ 2 అన్న పేర్లు సర్జన్ల నోట ఇంకా నలుగుతూనే ఉన్నాయి.