చుక్కల రెక్కల దోమ

దోమయు ఈగల వర్గములోనిదే. దానికిని రెక్కలు రెండే. ఆ రెక్కలమీది చుక్కలను గుర్తించుటచేతనే రొనాల్డ్ రాస్ కృషి ఫలించెను.

రాస్ 1857లో అల్మోరాలో జన్మించెను. కవిత్వ సంగీతములపై మక్కువ యున్నను, తండ్రి కోరికపై వైద్యుడై, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున చేరెను. మలేరియాకు దోమలకు సంబంధము కలదను ఊహను 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆతనికి బోధించెను. మరుసటి సంవత్సరము సికింద్రాబాదు చేరి, రెండేండ్లు బూడిదవన్నె దోమలను, చారల దోమలను కోసి చూచెను. ఫలితము శూన్యము. అవి తగిన జాతులు కావని ఆతడెరుగడు.

1897 ఆగస్టు, దుర్భరమైన ఉక్క. దోమలు చెదరునని పంకా వలదనెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టెను. అప్పుడు గోధుమవన్నె దోమలు కొన్ని లభించెను. వాని రెక్కలపై చుక్కలు. గ్రుడ్లు పడవల యాకారము. శాస్త్రనామ మాతనికి తెలియదు. భేదము మాత్రము స్పష్టము. హుసేన్ ఖాన్ అను రోగిని వానిచే కుట్టించి, కాటుకొక అణా చెల్లించెను. 20వ తేదీన, మిగిలిన కొలదిపాటి దోమలలో ఒకదానిని కోయగా, జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులుగల గుండ్రని కణములు కనబడెను. మలేరియా క్రిమి దొరికినది!

వెనువెంటనే బదిలీ. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాతో మిగిలిన చక్రమును పూర్తిచేసెను. విచిత్రమేమన, అక్కడ పనికివచ్చినది సికింద్రాబాదులో విఫలమైన బూడిదవన్నె దోమయే.

మనుష్యులకు మలేరియా తెచ్చునది అనాఫిలిస్ అని ఇటలీలో గ్రాసీ నిరూపించెను. ఆతనిపట్ల రాస్ ఔదార్యము చూపలేదు. 1902 నోబెల్ బహుమానము రాస్ ఒక్కనికే లభించెను.